అత్తగారి గదికి రెండు కాపలాలు

బటన్ బాబాయి ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల వంక చూడడు, గోడ వంక చూస్తాడు. తలుపు వెనకో, మెట్ల కిందో, చెప్పుల అర పైనో కరెంటు బోర్డు ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా, దాని మూత తెరిచి చూసిందాకా ఆయనకి కుర్చీలో కూర్చోవడం చేతకాదు. పెళ్ళిపిలుపుకి వచ్చినా అంతే, పరామర్శకి వచ్చినా అంతే. ఎలా ఉన్నారని అడగాల్సిన చోట "ఈ నెల నొక్కారా?" అని అడుగుతాడు. కొత్తవాళ్ళు తెల్లబోతారు. అలవాటైనవాళ్ళు మాత్రం "నొక్కాం బాబాయ్, పడింది, మళ్ళీ ఎత్తాం" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసి మంచినీళ్ళు తెచ్చిస్తారు.

నొక్కాల్సింది బోర్డులో ఉండే ఒక తెల్ల డబ్బా మీది చిన్న బటన్. ఆ డబ్బా అసలు పేరు ఆర్‌సీసీబీ. అంత పేరు నోరు తిరగక వీధివాళ్ళు దాన్ని బటన్ డబ్బా అన్నారు, ఇంటింటికీ వెంటపడి దాన్ని పెట్టించినందుకు ఈయన్ని బటన్ బాబాయి అన్నారు. దాని పని ఏమిటని ఎవరైనా అడిగితే చాలు, ఆయన చేతిలో పని పక్కన పెట్టేస్తాడు. ఫేజు వైరులో లోపలికి వెళ్ళిన కరెంటు న్యూట్రల్ వైరులో పూర్తిగా తిరిగి రావాలి. వెళ్ళినదానికీ వచ్చినదానికీ తేడా ఉందంటే మధ్యలో ఎక్కడో కారుతున్నట్టు. తడిసిన గోడలోకి కారుతుండొచ్చు, గీజర్ ఒంటి మీదికి కారుతుండొచ్చు, దాన్ని ముట్టుకున్న మనిషిలోంచి నేలలోకీ కారుతుండొచ్చు. ఆ తేడా ముప్పై మిల్లీఆంపియర్లకి చేరిందంటే డబ్బా టక్కున పడిపోయి కరెంటు ఆపేస్తుంది, కన్నుమూసి తెరిచేలోపు. ఫ్యూజు వైరుని కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయన ఎంతమంది బుర్రలు తిన్నాడో లెక్కలేదు.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు, పెళ్ళితో వచ్చింది.

ఆయన అత్తగారు పెద్దాస్పత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసేది. ఉతికిన దుప్పట్లూ దిండు గలేబులూ వార్డులకి లెక్కపెట్టి పంపడం, మాసినవి లెక్కపెట్టి తీసుకోవడం ఆవిడ ఉద్యోగం. ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ గదిలో దుప్పట్లు పేర్చుకుంటుండగా ఇంటి నుంచి కబురొచ్చింది. భర్త స్నానం చేసి వచ్చి, తడిచేతులతో ఇనప కూలర్ని కాస్త పక్కకి జరపబోయాడట. ఇంట్లో ఫ్యూజు ఉంది. అది తన పని తాను చూసుకుంటూ, చెక్కు చెదరకుండా అలాగే ఉండిపోయింది. కూతురికి అప్పటికి ఊహ కూడా సరిగ్గా తెలియదు.

ఆ కూతురు పెరిగి పెద్దదై, కుట్టుమిషన్ల దుకాణంలో పనికి చేరి, అక్కడి మోటార్లు బాగుచేయడానికి వచ్చే పెద్ద చెవుల కుర్రవాణ్ణి, అంటే ఈ బటన్ బాబాయినే, ఇష్టపడింది. తల్లికి చెబితే ఆవిడ నెత్తిన పిడుగు పడ్డట్టు కూర్చుండిపోయింది. లోకంలో ఇన్ని పనులు చేసేవాళ్ళు ఉండగా కరెంటువాడే దొరికాడా అని మూడు పూటలా అదే మాట. చివరికి కూతురి మొండితనానికి తలొగ్గి, కుర్రవాణ్ణి ఒకసారి ఇంటికి రమ్మంది. ఎదురుగా కూర్చోబెట్టింది. కానీ మాట్లాడింది కూతురితోనే.

"అమ్మాయ్, ఆయనకి చెప్పు. నా పిల్ల ఉన్న ఇంట్లో కరెంటు ఎవర్నీ ముట్టుకోకూడదు."

కుర్రవాడు గొంతు సవరించుకుని, ఆవిడ వంక చూసే ధైర్యం లేక, పిల్ల వంకే చూసి అన్నాడు. "ముట్టుకోదని చెప్పు."

అప్పుడు మొదలైన ఆ పద్ధతి అలాగే సాగిపోయింది. అల్లుడంటే కోపమా అంటే కోపం కాదు. చలికాలం వస్తే ఆయన చెవులకి సరిపోయేంత ఉన్ని టోపీ అల్లి తెచ్చేది, అల్లుడు ఎదురుగా ఉన్నా కూతురి చేతికే ఇచ్చేది. "అమ్మాయ్, ఆయన్ని భోజనానికి లేవమను" అనేది, ఆయన పక్క కుర్చీలోనే ఉండగా. ఆయనా తక్కువేం తినలేదు. "అత్తయ్యగార్ని వడ్డించమను" అనేవాడు. మధ్యలో ఈ మాటలన్నీ మోసీ మోసీ ఆయన భార్య ఒక్కోసారి విసుక్కునేది. "మీరు ఫేజూ, ఆవిడ న్యూట్రలూ, మధ్యలో బల్బులా నేను వెలుగుతుండాలి, అంతేనా?" అనేది. ఇద్దరూ నవ్వేవారు. ఒకరి వంక ఒకరు చూసుకోకుండానే నవ్వేవారు.

ఏళ్ళు గడిచాయి. అత్తగారికి ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగడుగులు వేస్తే రొప్పు, మాట మధ్యలో ఆగి గాలి వెతుక్కోవడం. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇక ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ మీద ఉంచమని పంపించారు. చిన్న బీరువా అంత మిషన్, దాన్నుంచి సన్నటి గొట్టం, గొట్టం చివర ముక్కులో పెట్టుకునే రెండు కొసలు. దానికి రోజంతా కరెంటు కావాలి. ఒకవేళ కరెంటు పోతే వాడుకోవడానికి పక్కన ఒక సిలిండర్. కూతురు పట్టుబట్టి తల్లిని తన ఇంటికి తెచ్చుకుంది.

అత్తగారు వస్తోందని తెలిసిన రోజు నుంచీ బటన్ బాబాయికి కాలు ఒకచోట నిలవలేదు. మెయిన్ దగ్గర ఇంటి మొత్తానికీ ఒక బటన్ డబ్బా ఎప్పటి నుంచో ఉంది, ముప్పై మిల్లీది. అది ఉండగానే, అత్తగారి గది లైను మీద ఇంకొకటి తెచ్చి బిగించాడు. అదీ ముప్పై మిల్లీదే. ఆవిడ ముట్టుకునే మంచం ఇనపది, మిషన్ కరెంటుది, ఆవిడ మనసులో భయం ఇంకా పాతది. వీధి గుమ్మానికొక కాపలా, గది గుమ్మానికొక కాపలా. రెండు దాటుకుని రావాలి కదా ఏదైనా, అనుకుని తృప్తిగా నిట్టూర్చాడు. పని అయ్యాక రెండు బటన్లూ నొక్కి చూశాడు. రెండూ చక్కగా పడ్డాయి. ఆ తర్వాత కూడా తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి నొక్కి చూసుకునేవాడు.

ఈ పని ఇంకెవరింట్లోనైనా చూస్తే ఆయన ఊరుకునేవాడా? ఆ మేస్త్రీ ఎవడో కనుక్కుని ఉతికి ఆరేసేవాడు. ఒకే వరసలో ఒకే కొలత డబ్బాలు రెండు పెడితే కాపలా రెట్టింపు కాదు. కింద ఎక్కడ కారినా ఏది ముందు పడుతుందో చెప్పలేం, ఒక్కోసారి రెండూ పడతాయి. పైగా మెయిన్‌లో ఉన్నది పడిందంటే ఇల్లంతా చీకటి. ఇవన్నీ ఆయనకి తెలియనివి కావు. కానీ సొంత మనిషి దగ్గరికి వచ్చేసరికి తెలిసినదంతా చేతుల్లోంచి జారిపోయింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆయన ప్రాణంగా చూసుకునే ఆ బటనే ఈ తప్పుని బయటపెట్టలేకపోయింది. బటన్ నొక్కితే ఆ డబ్బా ఒక్కటే తనలో తాను తేడా పుట్టించుకుని పడుతుంది, పైదానికి ఆ సంగతే తెలియదు. నిజంగా ఎర్తులోకి కారినప్పుడు ఎవరు ముందు పడతారో బటన్ చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉంది. ఆ పరీక్ష ఆయన ఊళ్ళోవాళ్ళందరికీ చేశాడు, తన ఇంటికి చేసుకోలేదు.

గీజర్ చేసింది చివరికి ఆ పరీక్ష.

ఒక ఉదయం తల్లికి గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడుద్దామని కూతురు గీజర్ వేసింది. లోపలి కడ్డీ ఎప్పుడు పగిలిందో ఏమో, వేసీ వేయగానే మెయిన్ పడిపోయింది. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్ ఆగింది, గదిలో ఆక్సిజన్ మిషన్ ఆగింది. ఆగి ఊరుకుందా, కరెంటు లేదని చెప్పడానికి అందులో ఉన్న అలారం గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. కూతురు పరుగెత్తుకొచ్చి, ఆస్పత్రి నుంచి వచ్చే నర్సమ్మ నేర్పినట్టే సిలిండర్ తిప్పి గొట్టం మార్చింది. కంగారులో మార్చడానికి కాస్త ఆలస్యమైంది. ఆ కాసేపట్లో తల్లి పెదాలు నీలంగా మారాయి, గుప్పిట్లో దుప్పటి నలిగిపోయింది. ప్రమాదమేమీ జరగలేదు. కానీ ఆ అరుపు మాత్రం ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

పని మధ్యలో వదిలేసి బటన్ బాబాయి రొప్పుకుంటూ ఇంటికొచ్చాడు. బోర్డు తెరిచి చూస్తే గది డబ్బా నిటారుగా నిలబడే ఉంది, మెయిన్ డబ్బా పడి ఉంది. గీజర్ లైను విప్పి పక్కన పెడితే మెయిన్ నిలబడింది. కారే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తెచ్చి ఫేజూ న్యూట్రలూ రెండిటినీ కలిపి దాని నోట్లో పట్టించాడు. ఏమీ కారకపోతే సున్నా చూపించాలి. గీజర్ లేకపోయినా సున్నా చూపించడం లేదు. ఫ్రిజ్ కొంచెం, బట్టలుతికే మిషన్ కొంచెం, అత్తగారి మిషన్ కొంచెం. ఎవరి వంతు వాళ్ళు ఇంతింత వదులుతున్నారు, అంతా ఆ ఒక్క మెయిన్ డబ్బా నెత్తినే పడుతోంది. అది సగం నిండిన బిందెలా ఉంది, పైన గీజర్ ఒక చెంబెడు పోసింది. ఆయన మీటరు కింద పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాడు.

అసలు కష్టం గదిలో మొదలైంది. అత్తగారు మిషన్ గొట్టం పక్కకి తోసేసింది.

"అమ్మాయ్, నాకీ మిషన్ వద్దు. సిలిండర్ అయిపోయిందాకా ఉంటాను. తర్వాత నన్ను వార్డులో పడెయ్యండి."

"వార్డులో నువ్వెలా ఉంటావమ్మా, చూసేవాళ్ళు ఎవరక్కడ?"

"ఎవరూ లేకపోయినా పర్వాలేదు. అక్కడ కరెంటు పోదు. నా కోసం మీరిద్దరూ ఇలా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉండక్కర్లేదు."

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ఆవిడ వారానికోసారి వచ్చి చూసి పోతుంటుంది. విషయం విని, మిషన్ లేకుండా ఉంచడం కుదరదని, వాడనంటే మళ్ళీ చేర్పించాల్సిందేనని ఖరాఖండిగా చెప్పింది. వెళ్తూ వెళ్తూ బాబాయిని గుమ్మం దగ్గర ఆపింది.

"ఆ గదికి డబ్బా గిబ్బా ఏమీ లేకుండా నేరుగా లైను ఇచ్చేయండి బాబాయ్. కొందరిళ్ళలో అలాగే చేసుకున్నారు. ఇక ఆగే మాటే ఉండదు."

ఆమె మంచికే చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ మింగుడుపడలేదు. కాపలా తీసేస్తే మిషన్ ఆగదు, నిజమే. కానీ ఎప్పుడో ఒకనాడు ఆ మిషన్ ఒళ్ళే కారితే? ఆవిడ చెయ్యి దాని మీదే ఉంటుంది కదా? పెళ్ళికి ముందు ఒప్పుకున్న మాట ఏమవుతుంది? కాపలా ఉంచితే ఊపిరికి భయం, తీస్తే ప్రాణానికి భయం. హాల్లో భార్య పక్కన కూర్చుని ఈ గోలంతా వెళ్ళబోసుకున్నాడు.

"మీరు అందరిళ్ళలో ఏం చేస్తారు?" అంది ఆమె.

"పైన వంద మిల్లీది పెడతాను, కాస్త ఆగి పడే రకం. కింద లైనుకొకటి ముప్పై మిల్లీది."

"మరి మనకీ అదే చెయ్యండి."

"వంద మిల్లీ అంటే మనిషికి చాలా ఎక్కువే. పైగా అది ఆగి పడుతుంది. కింద ముప్పైలు ఉంటాయి, మనిషిని అవే చూసుకుంటాయి, నాకు తెలుసు. అయినా గుమ్మం దగ్గరున్న గట్టివాణ్ణి తీసేసి నిదానంగా ఉండేవాణ్ణి కూర్చోబెట్టాలంటే, ఈ ఇంట్లో, నాకు చేతులు రావట్లేదు."

గది తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినపడింది, ముక్కముక్కలుగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ.

"అమ్మాయ్. ఆయన్నొక మాట అడుగు."

"అడుగమ్మా, ఆయన వింటూనే ఉన్నారు."

"నువ్వడుగు. మా ఆస్పత్రిలో ప్రతి వార్డుకీ దుప్పట్లు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం. మళ్ళీ లెక్కపెట్టి తీసుకునేవాళ్ళం. ఒక వార్డులో గలేబు తక్కువొస్తే ఏం చేసేవాళ్ళం?"

కూతురు భర్త వంక చూసింది. ఆయన తలుపు వైపు ఒరిగి వింటున్నాడు.

"ఆ వార్డుకి ఇవ్వడం ఆపేసేవాళ్ళం. దొరికిందాకా. అంతేగానీ పెద్ద స్టోరుకే తాళం వేసేస్తామా? ఆపరేషన్ గదికి పోయే దుప్పట్లు కూడా ఆపేస్తామా?" ఆవిడ ఊపిరి తీసుకుంది. "పెద్ద స్టోరులో నేను కూర్చునేదాన్ని. నేనూ లెక్క చూసేదాన్ని. కానీ ఓపిక పట్టేదాన్ని. ముందు వార్డులో మనిషి చూసుకోవాలి. వాళ్ళ వల్ల కాకపోతేనే నేను లేవాలి. చీటికీ మాటికీ నేనే లేస్తే ఇక వార్డులో మనిషెందుకు?"

బటన్ బాబాయికి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళుగా తాను మీటర్లూ బొమ్మలూ పెట్టి చెప్పే సంగతి ఆవిడ నాలుగు గలేబులు పెట్టి చెప్పేసింది.

"అత్తయ్యగారికి చెప్పు," అన్నాడు భార్యతో. "ఇది నాకు తెలుసు. అందరిళ్ళలో ఇలాగే పెట్టాను. మన ఇంటికి వచ్చేసరికి భయమేసింది."

"భయమేసిందటమ్మా."

లోపలి నుంచి ప్రశ్న వచ్చింది. "దేనికట?"

"పెళ్ళికి ముందు ఆవిడ నాకు చెప్పిన మాటకి," అన్నాడాయన.

ఈ మాటని మాత్రం భార్య మోయలేకపోయింది. మోయక్కర్లేదు కూడా, గది పక్కనే ఉంది. లోపలి నుంచే వచ్చింది మాట.

"చెయ్యమను. చేసి నాకు చూపించమను. నా కళ్ళతో చూస్తేనే ఆ గొట్టం పెట్టుకుంటాను. లేకపోతే వార్డుకే."

మర్నాడు పొద్దున్నే ఆయన పని మొదలుపెట్టాడు. సిలిండర్ ఇంకొకటి తెప్పించి అత్తగారి పక్కన పెట్టాకే మెయిన్ దింపాడు. పాత బోర్డు విప్పి, పెద్దది బిగించాడు. మెయిన్‌లో వంద మిల్లీ డబ్బా పెట్టాడు, మీద ఎస్ అక్షరం ఉన్నది. ఆ అక్షరం ఉంటే, కిందివాళ్ళకి అవకాశమిచ్చి కాస్త ఆగి పడుతుందని అర్థం. దాని కింద వంటింటికీ గీజర్‌కీ ఒకటి, హాలు ప్లగ్గులకి ఒకటి, ఇంటి దీపాలన్నిటికీ ఒకటి, అత్తగారి గది ప్లగ్గులకి ఒకటి, అన్నీ ముప్పై మిల్లీవి. ఆఖరిదాన్ని ఏరి ఏరి తెచ్చాడు. ఆక్సిజన్ మిషన్‌లాంటి వాటిలో ఎలక్ట్రానిక్ సామాను ఉంటుంది. అవి కారేటప్పుడు కరెంటు మామూలు అలలా కాకుండా తెగిపోయి, సగం సగంగా కారొచ్చు. పాత రకం డబ్బాలు అలాంటిదాన్ని కనిపెట్టలేకపోవచ్చు. ఏ అని రాసి ఉన్న రకం రెండిటినీ పట్టుకుంటుంది. దుకాణం అతను ఏదైనా ఒకటే బాబాయ్ అన్నా వినిపించుకోకుండా పై అరలోంచి దింపించి, అక్షరం వెలుతురులో చూసుకుని మరీ తెచ్చుకున్నాడు.

అంతా అయిందనుకుని ఎత్తితే హాలు డబ్బా, దీపాల డబ్బా ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడ్డాయి. వెతగ్గా వెతగ్గా హాల్లో ఒక దీపం దొరికింది. దాని ఫేజు దీపాల డబ్బా నుంచి వెళ్తోంది, న్యూట్రల్ మాత్రం దగ్గరగా ఉందని ప్లగ్గుల లైనులో కలిపేసి ఉంది. ఒకరింటి నుంచి వెళ్ళింది ఇంకొకరింటికి చేరుతుంటే రెండిళ్ళలోనూ లెక్క తప్పుతుంది మరి.

"ఏ మహానుభావుడు కలిపాడో ఇది!" అని నిచ్చెన మీంచి తిట్టాడు.

"మీరే," అంది కింద నిచ్చెన పట్టుకున్న భార్య. "పెళ్ళైన కొత్తలో. నేను టార్చి పట్టుకున్నాను, మీరు పాట పాడుకుంటూ కలిపారు."

గదిలోంచి కిసుక్కుమని నవ్వు, ఆ వెనకే దగ్గు. ఆ నవ్వు విని ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది. న్యూట్రల్ విడదీసి దాని చోట దాన్ని కలిపాడు. ప్రతి డబ్బా కిందా కాగితం ముక్క అంటించి పేర్లు రాశాడు. పైదానికి ఏం రాయాలో తోచక కాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, 'పెద్ద స్టోరు' అని రాశాడు.

మధ్యాహ్నం దాటాక కుర్చీ తెచ్చి గది గుమ్మంలో వేశారు. అత్తగారు ముక్కుకి సిలిండర్ గొట్టంతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, లెక్క చూడ్డానికి వచ్చిన అధికారిలా కూర్చుంది. వెనక గదిలో మిషన్ ఎవరూ పెట్టుకోకపోయినా గుయ్యిమంటూ తిరుగుతోంది. బాబాయి పరీక్ష పెట్టే పరికరం తెచ్చాడు. ప్లగ్గులో పెట్టి నొక్కితే కావాలనే ఎర్తులోకి కాస్త కరెంటు కారుస్తుంది అది.

"అత్తయ్యగారికి చెప్పు, ముందు వంటింట్లో కారుస్తున్నానని."

టక్‌మని శబ్దం. వంటింట్లో ఫ్రిజ్ ఆగింది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, మిషన్ గుయ్యిమంటూనే ఉంది. ఆవిడ మెడ తిప్పి మిషన్ వంక చూసింది. తర్వాత బోర్డు వంక చూసింది. 'పెద్ద స్టోరు' కదల్లేదు.

"నా గదిలో కూడా చూపించమను," అంది.

ఆయన సంకోచించాడు. అక్కడ పరీక్ష పెడితే ఆ అలారం మళ్ళీ అరుస్తుంది. భార్య వద్దన్నట్టు చూసింది. కానీ ఆవిడ చూపు మళ్ళించలేదు. ఇక తప్పక, మిషన్ పక్క ప్లగ్గులో పరికరం పెట్టి నొక్కాడు. గది డబ్బా పడింది. మిషన్ ఆగింది, అలారం అరిచింది. ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయినా గదిలో దీపం వెలుగుతూనే ఉంది, ముక్కుకి సిలిండర్ గాలి వస్తూనే ఉంది, కూతురు పక్కనే ఉంది, ఇల్లంతా వెలుతురుగా ఉంది. ఆవిడ ఆ అరుపు వింటూ చుట్టూ కలయజూసింది. నెమ్మదిగా చెయ్యి వదులు చేసింది. ఆయన వెళ్ళి డబ్బా ఎత్తాడు. మిషన్ మళ్ళీ తిరిగింది, అరుపు ఆగింది.

అప్పుడు ఆవిడ తల తిప్పి కూతురి వంక కాకుండా సూటిగా ఆయన వంకే చూసింది.

"ఆ రోజు మా ఇంట్లో ఇలాంటిదొకటి ఉండుంటే, మా ఆయన బతికేవారా నాయనా?"

బటన్ బాబాయి అలవాటు కొద్దీ భార్య వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది నేను మోసే మాట కాదు అన్నట్టు. ఏం చెప్పగలమండీ, రాత అలా ఉంది అనేస్తే సరిపోయేది. కానీ ఎదురుగా కూర్చున్నది జన్మంతా లెక్క చూసిన మనిషి. ఆవిడకి తప్పు లెక్క చెప్పడానికి మనసొప్పలేదు.

"బతికేవారండీ అత్తయ్యగారూ. టక్కున పడిపోయేది. ఒక్కసారి ఉలిక్కిపడి, కూలర్ని నాలుగు తిట్టి, మీరు ఇంటికొచ్చాక చెప్పుకుని ఉండేవారు."

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే దిగి, గొట్టం మీదుగా జారి చీర మీద పడ్డాయి. కూతురు తుడవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత తనే కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకూ అలాగే అనిపించేది. అడుగుదామంటే ఎవర్నడగాలో తెలిసేది కాదు. నిన్నే అడగాలని ఉండేది," అంది. "నువ్వు ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలు పెట్టిస్తున్నావని వింటూనే ఉన్నాను."

ఆవిడే చెయ్యి చాచి మిషన్ గొట్టం అడిగింది. ఆయన అందిస్తే తీసుకుని, సిలిండర్ గొట్టం తీసి పక్కన పెట్టి, ఇది ముక్కుకి పెట్టుకుంది. నాలుగు గుక్కలు నిదానంగా పీల్చింది.

"ఇక్కడే ఉంటాను. అయితే ఒక సంగతి. నా గది బటన్ నెలనెలా నేను నొక్కుతాను. నా వార్డు లెక్క నాది."

"అలాగేనండీ. నొక్కే ముందు మాత్రం సిలిండర్‌కి మారాలి."

"తెలుసులే. పొద్దుటి నుంచీ నిచ్చెన మీదే ఉన్నావు, ఒక్క మెతుకు ముట్టలేదు. ముందు వెళ్ళి తిను నాయనా."

ఆయన వంటింట్లోకి వచ్చాడు. భార్య అటు తిరిగి, గిన్నె మీద గిన్నె పేరుస్తోంది, ఎందుకు పేరుస్తోందో ఆమెకే తెలియదు. ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే ఖాళీ కంచం ఒకటి ఆయన ముందుకి తోసింది.

"నా ఉద్యోగం పోయింది," అంది. "ఇన్నేళ్ళు చేశాను, ఒక్క రోజు సెలవు కూడా ఇవ్వలేదు మీరిద్దరూ."

ఆయన నవ్వబోయాడు, చేతకాలేదు. గదిలోంచి మళ్ళీ పిలుపు వచ్చింది, ఈసారి కాస్త గట్టిగా, ఊపిరి అందిన గొంతుతో.

"నాయనా, తింటున్నావా?"

"ఆ, తింటున్నానండీ!" అని కేకేశాడు బటన్ బాబాయి, ఖాళీ కంచం ముందు కూర్చుని, భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ.